ఏడాదికోసారి గట్టెక్కాలి

పోయిన జూలైలో ఒక మధ్యాహ్నం మా అమ్మాయి వాళ్ళింట్లో తలుపు గంట మోగింది. మావారు గుమ్మానికి ఆరడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని ఏదో పత్రిక చదువుకుంటున్నారు. గంట ఆగి మళ్ళీ మోగింది. ఆయన పేజీ తిప్పారు. మూడోసారి మోగాక అమ్మాయి మేడ మీద నుంచి దిగివచ్చి తలుపు తీసి, వచ్చిన పొట్లం అందుకుని, తలుపు వేసి, అక్కడే నిలబడి వాళ్ళ నాన్న వంక చూసింది. తర్వాత పక్క గది గుమ్మంలో ఉన్న నా వంక చూసింది.

"అమ్మా, నాన్నకు ఎన్నాళ్ళ నుంచి వినపడటం లేదు?"

వినపడకపోవడం ఏమిటే, పొద్దస్తమానం నాతో మాట్లాడుతూనే ఉంటారు కదా అన్నాను. అంటూ ఉండగానే మార్చి నెలలో ఒక రాత్రి గుర్తుకొచ్చి, ఆపైన నోరు పెగల్లేదు.

ఆ రాత్రి సంగతికి ముందు మా సంగతి నాలుగు మాటల్లో. ఆయనకు 70, నాకు 66. ఉద్యోగాలు అయిపోయాక, అప్పటికే ఇద్దరు యజమానుల చేతులు మారిన 38 అడుగుల తెరచాప పడవ కొనుక్కుని దాని మీదే కాపురం పెట్టాం. ఇది ఏడో ఏడు. ఆఫ్రికా పక్కనున్న కానరీ దీవుల నుంచి అట్లాంటిక్ మీదుగా కరీబియన్ దాకా 2,700 నాటికల్ మైళ్ళు ఇద్దరమే దాటాం, 23 రోజులు పట్టింది. ఇలా బతుకుతున్న వాళ్ళతోనూ, ఇలా బతకాలని కలలు కంటున్న వాళ్ళతోనూ, వాళ్ళ పిల్లలతోనూ నాకొక వాదన ఉంది. పడవ మీద ఉండే వయసు మళ్ళిన దంపతులు ఏడాదికోసారి, పెళ్ళీ చావూ ఏ కారణమూ లేకపోయినా, ఇంటికి వెళ్ళి తీరాలి. వారం పది రోజులకు వెళితే చాలదు. కనీసం ఆరు వారాలు ఉండాలి. బంధుప్రేమ ఎలాగూ ఉంటుంది, దాని మాట నేను ఎత్తడం లేదు. తెరచాప వేళకు కుదించడం, లంగరు సరిగ్గా వేయడం ఎలా పడవ విద్యలో భాగమో, ఇదీ అలాగే భాగమంటున్నాను.

ఇక మార్చి రాత్రి. సముద్రం మీద మేం మూడేసి గంటల చొప్పున కాపలా వంతులు వేసుకుంటాం. ఒంటి గంట నుంచి నాలుగు దాకా ఆయనది. వెనక నుంచి గంటకు 30 కిలోమీటర్ల గాలి, నిలకడగా ఉంది, పడవ తనంతట తాను పోతోంది. పెద్ద ఓడ దీపాలు దూరాన కనిపించిన దగ్గర్నుంచి ఆ ఓడ మన మీదికి రావడానికి 20 నిమిషాలు చాలు. అందుకే పది పదిహేను నిమిషాలకోసారి లేచి చుట్టూ చూడాలి. అయితే ముందు తెరచాప పెద్దది, గాలి వాలున ఒక పక్కంతా దాని చాటున పడిపోతుంది. ఆ లోటు పూడ్చేది ఏఐఎస్ అనే రేడియో సాధనం. పెద్ద ఓడలన్నీ తమ పేరు, దిశ, వేగం ఎప్పటికప్పుడు రేడియోలో చెబుతూ ఉంటాయి. మా పెట్టె అది విని, ఏ ఓడ మాకు ఎంత దగ్గరగా వస్తుందో లెక్కగట్టి, రెండు మైళ్ళ లోపు వచ్చేట్టయితే కూత పెడుతుంది.

నా వంతు కానప్పుడు చెవుల్లో మైనపు బిళ్ళలు పెట్టుకుని పడుకుంటాను. ఆ రాత్రి నన్ను లేపింది కూత కాదు. తలగడ కింద నుంచి, పడవ పొట్ట గుండా, దడ్ దడ్ మని ఒక కదలిక. పరుగున పైకి వచ్చేసరికి తెరచాప చాటు నుంచి దీపాల గోడ ఒకటి బయటపడి మాకు అర మైలు దూరాన పక్కనుంచి పోతోంది. ఆయన చుక్కాని చక్రం పట్టుకుని కొయ్యబారిపోయి ఉన్నారు. "అలారం మోగలేదు" అన్నారు. ఆ మాట ఆయన నమ్మి అన్నదే. నేనూ నమ్మాను.

తెల్లారాక పెట్టె విప్పి, వైరు ముడుల మీది ఉప్పు పట్టు గీకి, మళ్ళీ బిగించి మీట నొక్కాం. కూత పెట్టింది. "ఇప్పుడు మోగుతోంది" అన్నారు ఆయన. ఆయన చెవితో విని అన్నారనుకున్నాను. తెర మీద ఎర్ర దీపం వెలగడం చూసి అన్నారని నాలుగు నెలల తర్వాత, తలుపు గంట మోగిన మధ్యాహ్నం తెలిసింది.

వినికిడి పరీక్ష చేయించాం. 1,000 హెర్ట్‌జ్ లోపు, అంటే బొంగురు శబ్దాలకు, ఆయన చెవులు బాగానే ఉన్నాయి. 2,000 దాటి శబ్దం సన్నబడ్డాక పరీక్ష కాగితం మీది గీత కొండవాలులా దిగిపోయింది. వయసుతో వచ్చే చెవుడు ఇలాగే సన్నని శబ్దాలతో మొదలవుతుందట. మా అలారం కూత 3,000 హెర్ట్‌జ్ దగ్గర ఉంటుంది. ఇంజన్ చప్పుడులో ఏమాత్రం తేడా వచ్చినా నా కన్నా ముందు పసిగట్టేది ఆయనే, ఎందుకంటే అది బొంగురు శబ్దం. ఆ ఒక్క కారణంతో ఆయన చెవి పాముచెవి అనుకుంటూ వచ్చాను. మాటల సంగతంటారా, పడవ మీద మామూలుగా మాట్లాడుకోవడం ఉండదు. గాలి, అలలు, ఇంజన్. లంగరు వేసేటప్పుడు నేను పడవ ముందు కొసన అణియం దగ్గర, ఆయన వెనక కొసన అమరం దగ్గర, మధ్యలో చేతి సైగలు. మిగతా వేళల్లో గొంతు పెంచే మాట్లాడుకుంటాం. ఆరేళ్ళుగా కాస్త కాస్తగా నా గొంతు పెరుగుతూ వచ్చింది, ఆయన చెవి తగ్గుతూ వచ్చింది. రెండూ ఒకే నడకన సాగాయి గనక ఇద్దరికీ తెలియలేదు.

నా వాదనంతా ఇక్కడే ఉంది. ఇద్దరే ఉన్న చోట ఒకరి వయసు ఒకరికి కనిపించదు. మూడో మనిషి కావాలి. ఆ మూడో మనిషి మనల్ని బాగా ఎరిగినవాడై ఉండాలి, ఏడాదిగా చూడనివాడూ అయి ఉండాలి. రేవుల్లో పరిచయమయ్యే స్నేహితులకు ఇది సాధ్యం కాదు. పక్క పడవ వాళ్ళు మంచివాళ్ళే, ఆపదలో అర్ధరాత్రి వస్తారు. కానీ ఆయన పదేళ్ళ కిందట ఎలా నడిచేవారో, ఎలా వినేవారో వాళ్ళకేం తెలుసు?

పడవ విషయంలో మాత్రం ఈ నియమం అందరూ పాటిస్తారు. బీమా సంస్థలు పాత పడవలకు కొన్నేళ్ళకోసారి సర్వే తప్పదంటాయి. పడవను నీళ్ళలోంచి పైకెత్తించి, ఎన్నడూ చూడని ఒక సర్వేయరు చేతికి అప్పగించాలి. మూడేళ్ళ కిందట మా పడవకు సర్వే జరిగినప్పుడు నేను వెంటే ఉన్నాను. సర్వేయరు ఒక చిన్న సుత్తి పట్టుకుని పొట్టంతా, జానెడు జానెడు, తడుతూ చెవి ఒగ్గి విన్నాడు. గట్టి ఫైబర్ టంగుమంటుంది. లోపల పొరలు విడిన చోట మొద్దుగా పలుకుతుంది. అడుగు భాగమంతా బాగుందన్నాడు. తర్వాత మాస్టును, అంటే తెరచాప స్తంభాన్ని, నిలబెట్టే ఉక్కు తీగలు చూడటం మొదలుపెట్టి, ఎడమ వైపు తీగ అడుగున, తీగ బిగించిన ఉక్కు గొట్టం మీద, భూతద్దం ఆనించి నన్ను పిలిచాడు. వెంట్రుక వాసి పగులు. వారం వారం నేను మంచినీళ్ళ గుడ్డతో తుడిచే చోటే అది. ఆ గొట్టాన్ని నేను కొన్ని వందల సార్లు చేత్తో పట్టుకుని ఉంటాను. అది తెగితే మాస్టు పడిపోతుంది. తుడిచే చెయ్యి వేరు, చూసే కన్ను వేరు అని ఆ రోజు అనుకున్నాను గానీ, ఆ మాట మాకూ వర్తిస్తుందని తట్టలేదు. 38 అడుగుల ఫైబర్‌కు ఇంత శ్రద్ధ పెట్టే మనం, దాన్ని నడిపే రెండు ఒళ్ళకు ఎందుకు పెట్టం?

"వీడియో కాల్ ఉంది కదా" అంటారు. ఉపగ్రహ ఇంటర్నెట్ వచ్చాక ఈ మాట మరీ ఎక్కువైంది. మేమూ ఆరేళ్ళ పాటు వారం వారం పిల్లలతో మాట్లాడాం. ఫోను ముఖానికి మూరెడు దూరంలో ఉంటుంది, శబ్దం చివరిదాకా పెంచి ఉంటుంది, వెలుతురు చూసుకుని కూర్చుంటాం. ఆయనకు మాట అందనప్పుడు నేను జవాబు చెప్పేస్తాను. అలా చెబుతున్నానని నాకే తెలియదు. ఫోనులో ముఖం కనిపిస్తుంది. మనిషి మెట్లు ఎలా దిగుతున్నాడో, వెనక నుంచి పిలిస్తే తిరుగుతున్నాడో లేదో కనిపించదు.

వారం రోజుల రాకపోకలూ అంతే. వారానికి వెళితే చుట్టాలం. అందరూ మంచి బట్టలు కట్టుకుని మంచి మాటలు మాట్లాడతారు, మనమూ అంతే. మూడో వారానికి గాని ఇంట్లో వాళ్ళు మన ముందు విసుక్కోరు, మనం వాళ్ళ ముందు కునుకు తీయం. నా సంగతి బయటపడింది నాలుగో వారంలో. తెల్లవారుజామున నాలుగింటికి లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడి బయటికి చూస్తున్నానట. నాలుగు రాత్రులు వరసగా చూసి అమ్మాయి చెప్పింది. కాపలా వేళకు లేచే అలవాటు, గట్టు మీదా పోలేదు. ఏడేళ్ళుగా మూడు గంటలకు మించి ఏకధాటిగా నిద్రపోయిన రాత్రులు ఎన్నో లెక్కపెట్టవచ్చు. డాక్టరు రక్తపోటు చూసి, ఇన్నాళ్ళూ మీకు తలనొప్పి లేదా అని అడిగారు. ఉంది. ఎండ వల్ల అనుకున్నాను.

చూపు రెండు వైపులా పని చేస్తుంది. మా అక్క ఒక పూటలో ఒకే ప్రశ్న నన్ను మూడుసార్లు అడిగింది. బావగారిని అడిగితే, తనెప్పుడూ అంతేగా అన్నారు. నాకు తెలిసిన అక్క అలా ఉండేది కాదు. ఆ ఇంట్లో ఉన్న వాళ్ళంతా ఆమెతో పాటే కొద్దికొద్దిగా ఆ ప్రశ్నలకు అలవాటుపడిపోయారు, నేను ఆయన చెవికి అలవాటుపడినట్టే. పరీక్షల్లో బి12 విటమిన్ బాగా తక్కువగా ఉందని తేలింది. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కొంత తేరుకుంది. పూర్తిగా కాదు. ఏడాది ముందు వెళ్ళి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను. ఆ ముందటేడు పడవ అడుగు రంగు పని పడిందని మేం వెళ్ళలేదు.

మొదటి మూడేళ్ళు అసలు వెళ్ళనే లేదు. పడవ వాళ్ళలో ఒక వర్గం ఉంది, తాడు తెంచుకున్నవాడే నిజమైన నావికుడు అంటుంది. మేమూ ఆ మత్తులో ఉన్నాం. ఆ వర్గానికి ఆరాధ్యుడు ఫ్రెంచి నావికుడు బెర్నార్ మువాతెసియే. 1968లో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టి రావాలన్న తొలి పోటీకి తొమ్మిది మంది బయలుదేరారు. మువాతెసియే దక్షిణ అమెరికా కొసన ఉన్న ప్రమాదకరమైన కేప్ హార్న్ కూడా దాటి, గెలిచే అవకాశం చేతిలో ఉండగా, ఇంటి దారి పట్టకుండా తూర్పుగా సాగిపోయి మళ్ళీ హిందూ మహాసముద్రం దాటి 1969 జూన్‌లో పసిఫిక్‌లోని తహితి దీవి చేరారు. ఇంటి దగ్గర ఆయన భార్య, ఆమె పిల్లలు ఎదురుచూస్తున్నారు. ఆ పోటీ పూర్తి చేసింది ఒక్కరే. రాబిన్ నాక్స్-జాన్‌స్టన్, ముంబయిలో టేకుతో కట్టిన 32 అడుగుల పడవలో 312 రోజులకు, 1969 ఏప్రిల్ 22న, బయలుదేరిన ఇంగ్లండ్ రేవు ఫాల్మత్‌కే తిరిగివచ్చారు. తనకు వచ్చిన 5,000 పౌండ్ల బహుమతిని అదే పోటీలో ప్రాణం పోగొట్టుకున్న డోనాల్డ్ క్రౌహర్స్ట్ కుటుంబానికి ఇచ్చేశారు. ముప్ఫై ఏళ్ళ కిందట నన్ను అడిగితే మువాతెసియే పేరే చెప్పేదాన్ని. ఆయన నావికుడిగా మహానుభావుడు, అందులో సందేహం లేదు. కానీ ఆయన అప్పటికి నలభైల్లో ఉన్నారు, ఒక్కరే ఉన్నారు. అరవై దాటి ఇద్దరుగా ఉన్న వాళ్ళకు ఆ దారి ఆదర్శం కాజాలదని ఇప్పుడు గట్టిగా అంటాను. నాకు ఇప్పుడు గొప్పగా కనిపించేది తిరిగి రావడం, వచ్చాక ఇంకొకరి ఇల్లు గుర్తుపెట్టుకోవడం.

తాడు తెంచుకోవాలనే వాళ్ళు అడిగే ఇంకో ప్రశ్న: అవసరం వచ్చినప్పుడు వెళితే సరిపోదా? సరిపోదు. అవసరం వచ్చినప్పుడు వెళ్ళలేం. అట్లాంటిక్ నడిమధ్యలో తొమ్మిదో రోజున కబురు వచ్చిందనుకోండి. వ్యాపార పవనాలు ఈశాన్యం నుంచి వెనక్కి తిరగనివ్వకుండా తోస్తూ ఉంటాయి. మా పడవ లాంటిది రోజుకు సుమారు 120 మైళ్ళు పోతుంది. ముందుకు పోవడమే మార్గం, ఇంకో రెండు వారాలు. తీరం నుంచి వచ్చే హెలికాప్టర్లు ఏవీ అంత దూరం రాలేవు. కాబట్టి ఏ అవసరమూ లేనప్పుడే వెళ్ళి రావాలి.

ఇందుకు వేళ కూడా ప్రకృతే కేటాయించి పెట్టింది. అట్లాంటిక్‌లో హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. దక్షిణ పసిఫిక్‌లో నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. ఆ నెలల్లో తుపాను దారిలో ఉన్న పడవకు చాలా బీమాలు వర్తించవు. 12 డిగ్రీల అక్షాంశం మీదున్న కరీబియన్ దీవి గ్రెనడా దాకా దిగివస్తే భయం లేదని ఒకప్పుడు అనుకునేవారు. 2004 సెప్టెంబర్‌లో ఐవన్ తుపాను ఆ ధైర్యం పోగొట్టింది. 2024 జూలై 1న బెరిల్ నాలుగో తరగతి తుపానుగా గ్రెనడాకు చెందిన కారియకూ దీవి మీద పడింది. మడ అడవుల మధ్య భద్రమనుకుని కట్టుకున్న పడవలు కూడా గుట్టలు గుట్టలుగా ధ్వంసమయ్యాయి. ఆ నెలల్లో మా పడవ మరింత దక్షిణాన ట్రినిడాడ్‌లో ఒక యార్డులో, ఇనుప ఊతల మీద, నేలలో పాతిన కొక్కేలకు పట్టీలతో బిగించి ఉంటుంది. తెరచాపలు దించి మడిచి, అడుగు కవాటాలన్నీ మూసి, ఇంజన్‌లో మంచినీళ్ళు తిప్పి, అరల తలుపులూ ఫ్రిజ్ తలుపూ తెరిచి, పరుపులు నిలువుగా ఆనించి బయలుదేరతాం. లేకపోతే తిరిగొచ్చేసరికి లోపలంతా బూజు. పదిరోజుల పని. ఖర్చు కూడా ఉంది, కాదనను. కొత్త తెరచాపకు డబ్బు పక్కన పెట్టేవాళ్ళు విమానం టిక్కెట్లకూ పెట్టుకోవాలి. రెండూ పడవ ఖర్చులే.

ఇక రెండో వైపు వాళ్ళు, పిల్లలు. తలుపు గంట మోగిన సాయంత్రమే అబ్బాయి వచ్చాడు. ఓడ సంగతి విన్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఇంక చాలమ్మా, పడవ అమ్మేయండి" అన్నాడు. వాడి గొంతు వణికింది. నాకు కోపం రాలేదు, వాడి స్థానంలో నేనుంటే అదే అనేదాన్ని.

పెద్దవాళ్ళు సముద్రం దాటిన కథలు చెప్పి వాడి నోరు మూయించడం తేలిక. బ్రిటన్‌కు చెందిన జీన్ సోక్రటీస్ 77 ఏళ్ళ వయసులో, 2019లో, ఒంటరిగా ఎక్కడా ఆగకుండా ప్రపంచం చుట్టివచ్చారు. ఆవిడా భర్తా మాలాగే ఉద్యోగాలు వదిలి పడవ ఎక్కిన దంపతులే. భర్త 2003లో క్యాన్సర్‌తో పోయాక ఆవిడ ఆ పడవ ప్రయాణం ఆపలేదు. జపాన్‌కు చెందిన కెనిచి హోరియే 83 ఏళ్ళ వయసులో, 2022లో, శాన్ ఫ్రాన్సిస్కో నుంచి పసిఫిక్ దాటారు. వీళ్ళంటే నాకు ప్రాణం. అయినా వాడితో ఈ పేర్లు ఎత్తలేదు. వాళ్ళ చెవులు వాళ్ళవి, మావారి చెవులు మావారివి.

వాడితో ఒక్కటే అన్నాను. "నీ భయం చెప్పకు నాన్నా, నువ్వు చూసింది చెప్పు. మేమిద్దరం చూడలేనిది నువ్వు చూడగలవు. అది రాసి పెడదాం. మేం ఎప్పుడు ఆపాలో కూడా అందులోనే రాద్దాం."

మూడు సాయంత్రాలు కూర్చుని రాశాం. అందులో అన్నిటికన్నా పెద్దది నీళ్ళలో పడ్డ మనిషి పరీక్ష. ఇద్దరే ఉన్న పడవలో ఒకరు నీళ్ళలో పడితే మిగిలేది ఒక్కరే. తెరచాప దించాలి, పడవ తిప్పాలి, మనిషిని కంటితో వదలకుండా వెనక్కి రావాలి, తాడు అందించాలి. ఇదంతా చేసినా పని సగమే. తడిబట్టలతో 78 కిలోల మనిషిని మూడున్నర అడుగుల ఎత్తున్న గోడ మీదుగా లోపలికి ఎత్తాలి. నా చేతులతో అది జన్మలో కాదు. అందుకని మాస్టు మీది తాడుకు నాలుగు మడతల కప్పీ తగిలిస్తాం. 80 కిలోల బరువుకు లెక్క ప్రకారం 20 కిలోల లాగుడు, తాడు రాపిడితో ఇంకాస్త ఎక్కువ. ఏటా పడవను నీళ్ళలోకి దించాక, నిశ్చలంగా ఉన్న అఖాతంలో ఆయన లైఫ్ జాకెట్టు వేసుకుని నిజంగానే దూకుతారు, ఏ సాయమూ చేయకుండా బరువు వదిలేసి తేలుతారు. తర్వాత నేను దూకుతాను. మొదటేడు ఆయన్ను పైకి తేవడానికి నాకు 26 నిమిషాలు పట్టింది. చివర్లో చేతులు వణికి కప్పీ కొక్కెం రెండుసార్లు జారింది. ఆయన నీళ్ళలోంచి నన్ను చూస్తున్నారు. ఒక్క మాట కూడా అనలేదు. పోయినేడు 14 నిమిషాలు. ఇప్పుడు కాగితం మీద రాసి ఉంది: అరగంటలో ఎవరు ఎవరిని తేలేకపోయినా ఆ ఏడే పడవ అమ్మకానికి పెడతాం. ఏటా చెవులు, కళ్ళు, గుండె పరీక్షలు ఇంటి దగ్గరే. ఇద్దరిలో ఎవరైనా ఒంటరిగా లంగరెత్తి పడవను రేవుకు చేర్చగలగాలి. కాగితం అమ్మాయి దగ్గర ఉంది. అబ్బాయి కింద ఒక వాక్యం చేర్చాడు, ఆరు వారాల్లో ఒక్క రోజు తగ్గినా ఒప్పుకోనని.

నిజానికి వయసు ఈ జీవితానికి అడ్డమని నేను అనుకోను. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద తోపు నాలుగు రెట్లవుతుంది. ఆ లెక్క తెలిసిన ముసలివాళ్ళు పొద్దు వాలకముందే తెరచాప కుదిస్తారు, వాతావరణం కోసం రేవులో పది రోజులు కూర్చుంటారు. మాకు పంతాలు లేవు, తొందర అసలే లేదు. మాకు లేనిది మమ్మల్ని మేం చూసుకునే అద్దం.

ఏఐఎస్ పెట్టె కూత మార్చాం. నిద్రలో ఉన్న పెద్దవాళ్ళను లేపడానికి 3,000 హెర్ట్‌జ్ సన్నని కూత కన్నా 520 హెర్ట్‌జ్ దగ్గరి బొంగురు శబ్దం బాగా పనిచేస్తుందని అగ్నిప్రమాద అలారాల మీద జరిగిన పరిశోధనల్లో తేలింది. మావారు తలుపు గంట నాడే ఆ వివరాలన్నీ వెతికి పట్టుకున్నారు. సిగ్గుపడలేదు, బాధపడ్డారేమో నాకు చెప్పలేదు. ఇప్పుడు మా అలారం ఒక చిన్న హారన్, దానితో పాటే కాపలా వాళ్ళ మణికట్టు మీద వణికే పట్టీ. రెండు చెవులకూ వినికిడి యంత్రాలు. ఉప్పు గాలికి అవి పాడవకుండా రాత్రి పడుకునేటప్పుడు తేమ పీల్చే గుళికలున్న గాజు సీసాలో వేసి మూత బిగిస్తారు.

నవంబర్ చివర పడవ నీళ్ళలోకి దిగింది. పరీక్ష పదిహేను నిమిషాల్లో అయింది. మొదటి రాత్రి ప్రయాణం డిసెంబర్ రెండో వారంలో. ఒంటి గంటకు ఆయన సీసా మూత తీసి, రెండూ చెవుల్లో పెట్టుకుని, పైకి వచ్చి నా పక్కన నిలబడ్డారు. నేను దిగి పడుకోవాల్సిన వేళ. ఆయన తల ఒక పక్కకు వంచి ఏదో వింటున్నారు.

"పెద్ద తెరచాప తాడు కప్పీ కీచుమంటోంది. ఎప్పటి నుంచి?"

"రెండేళ్ళ నుంచండీ" అన్నాను.

ఆ కప్పీ ఆయన పని. రెండేళ్ళుగా ప్రతి కాపలాలోనూ ఆ కీచు విని, ఈ మనిషికి ఎందుకు పట్టదా అని లోలోపల నొచ్చుకున్న రాత్రులున్నాయి. ఒక్కసారి కూడా పైకి అనలేదు.

ఆయన తలకు ఎర్ర దీపం తగిలించుకుని, లోపలి నుంచి చెంబుడు మంచినీళ్ళు తెచ్చి, కప్పీ చక్రం మీద సన్నగా ధార పోస్తూ రెండో చేత్తో తిప్పారు. ఉప్పు కరిగి కారింది. నాలుగు చుక్కల నూనె వేశారు. మళ్ళీ తిప్పి, చెవి దగ్గరగా పెట్టి విన్నారు. ఇంకో చుక్క వేశారు.